చెట్టు నరకడం కూడా సంరక్షణేనా? కలకత్తా చరిత్ర చెప్పే పాఠం



చెట్టు నాటడం మంచిపని, నరకడం చెడ్డపని అని మనం చిన్నప్పటినుంచి విన్నాం. బడిలో వనమహోత్సవం రోజున మొక్కలు నాటాం. ఆ పాఠంలో తప్పేమీ లేదు. అయితే అది అన్ని నేలలకూ ఒకే విధంగా వర్తిస్తుందా? ఈ ప్రశ్నకు చరిత్రలో జవాబు వెదుకుదాం.

ముందుగా అమెరికా పశ్చిమ రాష్ట్రాలకు వెళదాం. అక్కడి పొడి మైదానాల్లో సేజ్‌బ్రష్ అనే బూడిదరంగు పొద విస్తారంగా పెరుగుతుంది. ఆ పొదల మధ్య సేజ్ గ్రౌస్ అనే కోడి జాతి పక్షి బతుకుతుంది. 19వ శతాబ్ది రెండో సగంలో అక్కడికి పశువుల మందలు వచ్చి గడ్డిని మేసేశాయి. గడ్డి లేకపోతే మంట పాకదు. ఆ తరువాత ప్రభుత్వం కూడా ప్రతి మంటనూ ఆర్పించింది. అంతకుముందు మంటల్లో కాలిపోయే లేత జునిపర్ చెట్లు ఇప్పుడు బతికి బట్టకట్టి మైదానంలోకి చొరబడ్డాయి. ఆరెగాన్ రాష్ట్రంలో జరిగిన పరిశోధన ఒకటి 2013లో వెలువడింది. నేలలో 4 శాతానికి మించి చెట్లు కమ్మిన చోట సేజ్ గ్రౌస్ జతకట్టే స్థలాలు మిగలలేదని అది తేల్చింది. పైగా దట్టంగా పెరిగిన చెట్లు పెద్ద మంటలకు వంటచెరుకుగా మారాయి. అందుకే నేడు అక్కడ సంరక్షకులే రంపాలు పట్టి, చొరబడిన చెట్లను పలుచన చేస్తున్నారు.

ఇది దూరదేశపు కథ అనుకోకండి. మంటను పూర్తిగా ఆపితే అడవికి ఏమవుతుందనే ప్రశ్న మన దేశంలో నూరేళ్ల కిందటే వచ్చింది. దాన్ని అర్థం చేసుకోవాలంటే కలకత్తా నుంచి మొదలుపెట్టాలి. 2001 నుంచి కోల్‌కతాగా పిలుస్తున్న ఈ నగరం 1911 దాకా బ్రిటిష్ ఇండియాకు రాజధాని. అడవుల గురించి పెద్ద నిర్ణయాలు అక్కడే జరిగేవి.

తోటలోంచి బయటపడ్డ పొద

హుగ్లీ నదికి పడమటి ఒడ్డున, హౌరా వైపు శిబ్‌పూర్‌లో 1787లో కర్నల్ రాబర్ట్ కిడ్ ఒక వృక్షశాస్త్ర ఉద్యానాన్ని స్థాపించాడు. 1793లో దాని బాధ్యత చేపట్టిన విలియం రాక్స్‌బర్గ్ మన తెలుగువారికి పరాయివాడు కాదు. అంతకుముందు చాలాకాలం ఆయన సామర్లకోటలో ఉండి మొక్కలను పెంచాడు, పరిశీలించాడు. కోరమండల్ తీరపు మొక్కల మీద ఆయన తెచ్చిన గ్రంథంలో అనేక మొక్కల తెలుగు పేర్లు కనిపిస్తాయి. ఆయనను భారత వృక్షశాస్త్రానికి పితామహుడని చెప్పడం వాడుక.

ఈ తోట పని మొక్కలను సేకరించడం ఒక్కటే కాదు. ఇతర ఖండాల మొక్కలను తెచ్చి పెంచి, దేశమంతటా పంచడం కూడా దాని పనే. అలా 19వ శతాబ్ది తొలి దశకంలో అమెరికా ఖండపు లాంటానా ఇక్కడికి వచ్చింది. గుత్తులుగా రంగురంగుల పూలు పూసే ఈ పొదను మీరు తప్పక చూసి ఉంటారు. కొన్నిచోట్ల దీన్ని పులికంప అంటారు. అప్పుడది అలంకారానికీ కంచెకూ పనికివచ్చే అందమైన మొక్క మాత్రమే. దాని పండ్లను పక్షులు తిని, విత్తనాలను ఊరూరా చల్లాయి. పశువులు ఇష్టపడవు కనుక దాన్ని మేసేవారు లేరు. 2020లో వెలువడిన ఒక అంచనా ప్రకారం ఇది దేశంలో 1,50,000 చదరపు కిలోమీటర్లకు పైగా అడవిలో అల్లుకుపోయింది.

మంటను నిషేధించిన కాలం

ఇప్పుడు రెండో సంఘటన చూద్దాం. 1864లో ప్రభుత్వం అటవీశాఖను ఏర్పాటుచేసి, జర్మనీకి చెందిన డీట్రిక్ బ్రాండిస్‌ను దానికి అధిపతిగా నియమించింది. రైలుపట్టాల కింద వేసే స్లీపర్లకు అప్పట్లో సాల, టేకు కలప కావాలి. మంట అంటే కలప నష్టం అని ఐరోపాలో శిక్షణ పొందిన అధికారులు నమ్మారు. 1865లో మధ్య పరగణాల్లోని బోరి అడవిలో మంటలను అడ్డుకునే ప్రయత్నం మొదలైంది. అదే పద్ధతి బెంగాల్‌కూ వచ్చింది. అదే సంవత్సరం భూటాన్‌తో సంధి తరువాత హిమాలయాల పాదాల దగ్గరి డూర్స్ ప్రాంతం ప్రభుత్వం చేతికి వచ్చింది. అక్కడ మేచ్, రాభా తెగలవారు పోడు కొట్టి, గడ్డి కాల్చి సాగుచేసుకునేవారు. వారి మంట నేరమైంది.

ఫలితం ఏమైంది? మొదట అధికారులు సంతోషించారు. లేత మొక్కలు కాలకుండా నిలిచాయి, అడవి పచ్చబడింది. కొన్ని దశాబ్దాలు గడిచాక ఒక విచిత్రం గమనించారు. పెద్ద సాల వృక్షాలు ఉన్నాయి కానీ, వాటి కింద పిల్లమొక్కలు లేవు. ఉత్తరాంధ్రలో మనం గుగ్గిలం అని పిలిచే ఈ చెట్టు వెలుతురును కోరుకుంటుంది. మంటకు పైభాగం కాలినా, వేరునుంచి మళ్లీ చిగురించే శక్తి దాని మొక్కకు ఉంది. దానితో పోటీపడే అనేక మొక్కలకు ఆ శక్తి లేదు. మంట ఆగిపోగానే ఏడాదంతా పచ్చగా ఉండే పొదలు, తీగలు నేలను కమ్మేశాయి. సాల మొలకకు వెలుతురు అందలేదు.

కాపాడాలనుకున్న చెట్టుకే కాపలా చేటు చేసిందన్నమాట! బెంగాల్ అటవీ అధికారి ఇ.ఒ. షెబియర్ వంటివారు 1920ల నాటికి ఈ సంగతిని రాతపూర్వకంగా చర్చించారు. తడి ఎక్కువగా ఉండే సాల అడవుల్లో పొదలను నరికి, అదుపులో మంట పెట్టడం మళ్లీ మొదలైంది. టాంగ్యా అనే పద్ధతిలో అడవి గ్రామాలవారిచేత నేలను కొట్టించి, కాల్పించి, సాల వరుసల మధ్య పంటలు వేయించారు. ఒక్క విషయం గమనించండి. ఏ ప్రజల మంటను నేరమన్నారో, చివరికి ఆ ప్రజల పనే అడవికి అవసరమైంది. కానీ అప్పటికి వారు తమ నేలమీదే కూలీలుగా మారారు.

రెండు కథలు కలిసిన చోటు

తోట తెచ్చిన పొద, అటవీశాఖ చేసిన నిషేధం నేటి అడవిలో ఎదురవుతాయి. మామూలు ఎండాకాలపు మంట నేలమీది ఆకులనూ గడ్డినీ కాల్చి పోతుంది. లాంటానా మనిషి ఎత్తుకు మించి అల్లుకున్న చోట ఆ పొదే నిచ్చెన అవుతుంది. మంట దాన్ని ఎక్కి చెట్ల కొమ్మలను అందుకుంటుంది. కాలిన చోట ముందుగా చిగురించేది మళ్లీ లాంటానాయే. అందువల్ల కేవలం ఆర్పడం చాలదు, కేవలం కాల్చడమూ చాలదు.

మరి ఏం చేయాలి? ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన ఆచార్య సి.ఆర్. బాబు బృందం ఒక సులువైన పద్ధతి చూపింది. పొదను పైపైన నరికితే వందల పిలకలు వేస్తుంది. అందుకని మట్టికి కాస్త కింద, పిలకలు పుట్టే భాగానికి దిగువన వేరును కోసి, మొత్తం దుబ్బును తలకిందులుగా పెడతారు. ఆ ఖాళీలో స్థానిక గడ్డి విత్తనాలు చల్లుతారు. ఈ చివరి పనే ముఖ్యం. గడ్డి వేయకుండా వదిలితే మరో కలుపు వస్తుంది. అమెరికాలో కూడా జునిపర్ తీసిన కొన్నిచోట్ల చీట్‌గ్రాస్ అనే పరాయి గడ్డి వచ్చి, మంటలను ఇంకా పెంచింది.

బెంగాల్‌లోనే మరో ఉదాహరణ ఉంది. డూర్స్‌లోని జల్దాపారాను ఖడ్గమృగం కోసం 1941లో అభయారణ్యం చేశారు. ఖడ్గమృగానికి కావలసింది పొడవైన గడ్డి. వదిలేస్తే ఆ గడ్డి మైదానం మెల్లగా చెట్ల అడవి అవుతుంది. కనుక అక్కడ చెట్లనూ కలుపునూ తొలగించి, మేతగడ్డి నాటుతుంటారు. వేటవల్ల 1980ల నడిమికి అక్కడ 14 ఖడ్గమృగాలే మిగిలాయి. 2022 లెక్కల్లో అవి 292కు పెరిగాయి. ఇందులో వేటను అరికట్టడానిది పెద్ద పాత్ర. కానీ గడ్డి లేకపోతే ఆ కాపలాకు ఫలితం ఉండేది కాదు.

మన ఇంటి పాఠం

ఇక మన రాష్ట్రానికి వద్దాం. బట్టమేక పక్షి కోసం నందికొట్కూరు దగ్గర రోళ్లపాడులో 1988లో అభయారణ్యం ఏర్పడింది. సేజ్ గ్రౌస్ లాగే బట్టమేకకూ ఆరుబయలు గడ్డినేల కావాలి. కానీ అలాంటి నేలను మన దస్తావేజుల్లో బంజరు అని రాస్తాం. బంజరు అనగానే దున్నాలనో, చెట్లు నాటాలనో అనిపిస్తుంది. అభయారణ్యంలో కృష్ణజింకలు పెరిగి చేలమీద పడటంతో రైతులు నష్టపోయారు, వారికి అభయారణ్యం మీదే కోపం వచ్చింది. చుట్టూ ఉన్న గడ్డినేలలు పొలాలయ్యాయి. నేడు అక్కడ బట్టమేక కనిపించడం దాదాపు ఆగిపోయింది. గడ్డిని కంచె వేసి కాపాడితే చాలదు, చుట్టుపక్కల ఊళ్లకు ఆ కాపలాలో పాలు ఉండాలని రోళ్లపాడు మనకు నేర్పింది.

విద్యార్థులారా! దీన్నంతా విని గొడ్డలి పట్టమని కాదు. పాతకాలపు చెట్టు వేరు, నిన్న చొరబడిన చెట్టు వేరు. ఆ తేడా తెలియకుండా నరికేవాడు కలప వ్యాపారి. తెలుసుకుని నరికి, గడ్డి విత్తి, మరుసటి ఏడాది మళ్లీ వచ్చి చూసేవాడు సంరక్షకుడు. తేడా తెలియాలంటే ఆ నేల చరిత్ర తెలియాలి. ఈ పాఠం తరువాత మీ ఊరి పెద్దలను ఒక ప్రశ్న అడగండి: మన ఊరి గుట్టమీద, మేతబీడులో మీ చిన్నతనంలో ఏముండేది? వారు చెప్పింది రాసిపెట్టుకోండి. రేపు ఆ నేలను బాగుచేయబోయేవారికి మొదట కావలసింది ఆ కాగితమే.