గొంతులో ముద్ద పేరు గుస్సా

తెలంగాణలో ఎవరికైనా కోపమొస్తే 'గుస్సకొచ్చిండు' అంటారు. ఆ మాట ఉర్దూదా తెలుగుదా అని ఎవరూ ఆగి అడగరు. ఖుషీ, నారాజ్, పరేషాన్, ఫికర్ కూడా అంతే. లోపలి సంగతి చెప్పుకోవాల్సి వచ్చినప్పుడు తెలుగువాళ్లు పక్కింటి ముస్లిం నోటి మాటను మొహమాటం లేకుండా వాడుకున్నారు.

వీటిలో గుస్సాది పెద్ద కథే. అరబ్బీలో 'గుస్సా' అంటే కోపం కాదు, గొంతుకు అడ్డం పడిన ముద్ద. మింగలేనిది, కక్కలేనిది. ఖురాన్ 73వ సూరా 13వ ఆయతులో తిండి గురించి వచ్చే ఈ మాటకు అదే అర్థం. పారశీకంలోకి వెళ్లాక అది దుఃఖమైంది. ఇరాన్‌లో ఇవాళ్టికీ 'గొస్సే' అంటే బాధే. ఉర్దూకి వచ్చి కోపంగా స్థిరపడింది. తెలంగాణ తెలుగు ఆ కోపాన్నే అందుకుంది, వెనకున్న దుఃఖం దారిలోనే ఉండిపోయింది.

శోకం, కోపం ఇంత దగ్గరివా? నాట్యశాస్త్రం ఎనిమిది స్థాయీభావాలు చెప్పి శోకాన్నీ క్రోధాన్నీ విడివిడిగా పెట్టింది. శోకం నుంచి కరుణరసం, క్రోధం నుంచి రౌద్రం. అమెరికా మనస్తత్వవేత్త పాల్ ఎక్‌మన్ కూడా ఈ రెంటినీ వేర్వేరు మౌలిక ఉద్వేగాలుగానే లెక్కించాడు. కానీ అన్ని సమాజాలూ ఒకేచోట గీత గీయవు. పసిఫిక్ సముద్రంలోని ఇఫాలుక్ దీవిలో ప్రేమ, జాలి, దుఃఖం కలిసిన 'ఫాగో' అనే ఒకే మాట ఉందని కాథరిన్ లట్జ్ 1988లో రాసింది. ఏ బాధను దేనితో కలిపి చూడాలో ప్రతి సమాజమూ తన మాటలతోనే నేర్పుతుంది.

అందుకే ఎవరి బాధకు ఏ పేరు పెడతారన్నది చిన్న విషయం కాదు. శోకమంటే దగ్గరికొస్తారు. కోపమంటే దూరం జరుగుతారు.

1948 సెప్టెంబర్‌నే తీసుకోండి. హైదరాబాద్ మీదికి సైన్యం వస్తే దానికి 'పోలీసు చర్య' అని పేరు. కొందరికది విమోచన, కొందరికి విలీనం. రజాకార్ల దౌర్జన్యాలు నిజం, వాటికి చరిత్రలో పేరుంది. మరి ఆ తర్వాత చచ్చిపోయిన ముస్లింల కోసం ఏడ్చే పేరేది? నెహ్రూ ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ బృందం, తక్కువలో తక్కువ లెక్కేసినా 27 వేల నుంచి 40 వేల మంది పోయారని అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాలపాటు బయటికి రాలేదు. ఏడవడానికి చోటు దొరకని ఏడుపు గొంతులోనే ఆగింది. బిడ్డలు, మనవలు నోరు విప్పితే అది లోకానికి కోపంగా వినపడింది. 1992 డిసెంబర్ 6 తర్వాతైతే మా కన్నీళ్లను కూడా కోపం లెక్కలోనే వేశారు.

పరాయి దుఃఖాన్ని మోయడం తెలుగు పల్లెకు చేతకాదా? 680లో కర్బలాలో జరిగిన చావులకు తెలంగాణ ఊళ్లు ఇప్పటికీ పీర్లెత్తుతాయి. మాతం చేసే రోజుల్ని పల్లె 'పీర్ల పండుగ' అంది. ఆ పేరుతోనే హిందువులు, ముస్లింలు కలిసి అలావా చుట్టూ తిరిగారు. అంత దూరపు దుఃఖాన్ని మోసిన భుజాలకు పక్కవీధి దుఃఖం బరువవుతుందా?

మా మాటను ఎప్పుడో మీ నోటికి తీసుకున్నారు. గుస్స అన్నప్పుడల్లా ఆ గొంతులో అడ్డం పడ్డదేమిటో కూడా అడగండి.