అరుగుకు మెట్లెన్ని?

ఇండియా నుంచి చుట్టాలొస్తే బే ఏరియాలో మేమందరం చేసే పని ఒకటే. గోల్డెన్ గేట్ వంతెన దగ్గర ఫోటో, ఆల్కట్రాజ్ జైలు, వచ్చే దారిలో దోశ. పోయిన వేసవిలో మా ఆడపడుచు వాళ్ళొచ్చినప్పుడు ఆల్కట్రాజ్ టికెట్లు అయిపోయాయి. సరే కదా అని అదే నీళ్ళలో ఉన్న ఇంకో దీవికి, ఏంజెల్ ఐలాండ్‌కి పడవెక్కాం. జైలు చూడలేకపోయామని పిల్లలు ముఖాలు మాడ్చుకున్నారు. తీరా దిగి చూస్తే అదీ ఒక జైలే. 1910 నుంచి 1940 దాకా పసిఫిక్ దాటి వచ్చినవాళ్ళను ఆపి ఆరా తీసిన ఇమిగ్రేషన్ స్టేషన్.

చైనా వాళ్ళు చెక్క గోడల మీద చెక్కిన పద్యాలు ఇప్పటికీ ఉన్నాయి. వచ్చినవాళ్ళంతా వాటి ముందే నిలబడతారు. నన్ను పట్టుకున్నవి మాత్రం ప్రశ్నలు. ఒంటరిగా ఓడ దిగిన పన్నెండు, పదమూడేళ్ళ కుర్రాళ్ళను కూడా అడిగినవి. మీ ఇంటికి మెట్లెన్ని? బియ్యం ఎక్కడ పోసుకుంటారు? మీ వరసలో మూడో ఇల్లెవరిది? మీ ఊరు ఏ దిక్కుకు తిరిగి ఉంటుంది?

ఇంత వాకబు ఎందుకంటే, 1882 చట్టం చైనా కూలీలను రానివ్వకుండా తలుపు మూసేసింది. అమెరికా పౌరుడి పిల్లలకు మాత్రం ఆ తలుపు తెరుచుకుంటుంది. 1906 భూకంపంలో శాన్‌ఫ్రాన్సిస్కో తగలబడిపోయి పుట్టుక రికార్డులన్నీ బూడిదయ్యాయి. అంతే, చాలామంది మేమిక్కడే పుట్టామన్నారు, చైనాలో మాకు కొడుకులున్నారన్నారు. ఆ కొడుకుల్లో నిజం వాళ్ళూ ఉన్నారు, డబ్బు కట్టి కాగితం మీద కొడుకులైనవాళ్ళూ ఉన్నారు. అలాంటి కుర్రాడికి ఊరి పటం, ఇంటి వివరం అన్నీ ఒక పుస్తకంలో రాసిచ్చేవారు. ఓడలో బట్టీపట్టి, తీరం వచ్చేలోపు దాన్ని సముద్రంలోకి గిరాటేసేవాడు. అధికారి కుర్రాడి జవాబులను తండ్రి జవాబుల పక్కన పెట్టి పోల్చేవాడు. తేడా వస్తే తిరుగు ఓడే. దొంగ కొడుకులను పట్టుకోవడానికి పెట్టిన పరీక్షలో నిజం కొడుకులూ తప్పేవారు.

ఎలా తప్పుతారు, సొంతిల్లు గుర్తుండదా అని మా ఆడపడుచు అడిగింది. నాకూ అదే అనుమానం. ఆ రాత్రి తెనాలి దగ్గర మా ఊళ్ళో ఉన్న అన్నయ్యకు ఫోన్ చేశాను.

"అన్నయ్యా, మన అరుగుకు మెట్లెన్ని?"

"రెండు. ఏమే, ఇల్లు కొంటామని ఎవరన్నా వచ్చారా?"

మూడని నా ప్రాణం మీద ఒట్టేసి చెప్పగలను. కింది మెట్టుకు అమ్మ పసుపు రాసి బొట్లు పెట్టేది. ఆ మెట్టు రోడ్డు కిందికి పోయిందన్నాడు అన్నయ్య. సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారీ పాతది తవ్వకుండా దాని మీదే పోశారట. ఇంకోసారి పంచాయతీకి నిధులొస్తే ఉన్న రెండింట్లో ఇంకోటి పోతుందట. బియ్యం వసారాలో గాదె పక్కనని నేనంటే, గాదె ఎప్పుడో తీసేశాం, ఫ్రిజ్ పక్కన ప్లాస్టిక్ డ్రమ్ములో అన్నాడు. మూడో ఇల్లు కరణం గారిదని నేను. అది పడగొట్టి మూడంతస్తులు లేపారు, అద్దెకుండే వాళ్ళెవరో నాకే తెలీదని ఆయన. ఒకే అమ్మ పిల్లలం. మూడు ప్రశ్నలకు మూడూ తేడా. ఏంజెల్ ఐలాండ్‌లో అయితే మా ఇద్దరిలో ఒకరు ఓడెక్కాల్సిందే. అన్నయ్య కాసేపు నవ్వి, "ఇంతకీ ఎప్పుడొస్తున్నావే?" అన్నాడు. దానికీ నా దగ్గర సరైన జవాబు లేదు.

ఇదే దేశం ఏ ప్రశ్నా లేకుండా పిల్లలను తీసుకున్న రోజులూ ఉన్నాయి. క్యూబాలో కాస్ట్రో వచ్చాక, ప్రభుత్వం పిల్లలను కన్నవాళ్ళ నుంచి లాగేసుకుంటుందన్న పుకారు హవానా అంతా పాకింది. 1960 డిసెంబరు నుంచి 1962 అక్టోబరు దాకా 14 వేలకు పైగా పిల్లలు పెద్దతోడు లేకుండా మయామీలో విమానం దిగారు. హవానా విమానాశ్రయంలో ఒక అద్దాల గది ఉండేది. పిల్లలు లోపల, అమ్మానాన్నలు బయట. సైగలు తప్ప మాట వినపడదు. ఇవతల మయామీలో ఐర్లండ్ నుంచి వచ్చిన బ్రయాన్ వాల్ష్ అనే క్యాథలిక్ ఫాదర్ ఉన్నాడు. ఈ పిల్లలకు వీసా అక్కర్లేదని కాగితమిచ్చే అధికారం అమెరికా ప్రభుత్వం ఆయన చేతికే ఇచ్చేసింది! చర్చి ఫాదర్ సంతకంతో ఇమిగ్రేషన్. ఇప్పుడు వింటే కట్టుకథలా ఉంటుంది. అన్నీ పూల పాన్పులేం కావు. ఆ అక్టోబరులో క్యూబా క్షిపణుల గొడవతో విమానాలు ఆగిపోయి, కొన్ని నెలల్లో వచ్చేస్తామన్న తల్లిదండ్రులు ఏళ్ళ తరబడి అక్కడే చిక్కుకుపోయారు. చాలామంది పిల్లలు ఎక్కడెక్కడో అనాథాశ్రమాల్లో, పరాయి ఇళ్ళలో పెరిగారు. అలా వచ్చిన మెల్ మార్టినెజ్ తర్వాత సెనేటర్ అయ్యాడు.

వాళ్ళు అమెరికాకు గిట్టని ప్రభుత్వం నుంచి పారిపోయి వచ్చారు. 1980లలో ఎల్ సాల్వడార్ పిల్లలు పారిపోయి వచ్చింది అమెరికా డబ్బూ ఆయుధాలూ ఇచ్చి నిలబెట్టిన ప్రభుత్వం నడుపుతున్న యుద్ధం నుంచి. వాళ్ళ కోసం ఏ ఫాదర్ చేతికీ కాగితాలు ఇవ్వలేదు. 1985లో అలా వచ్చిన జెన్నీ ఫ్లోరెస్ అనే 15 ఏళ్ళ అమ్మాయిని పట్టుకుని, లాస్ ఏంజెలెస్ పక్కన కంచె వేసిన పాత మోటెల్లో, ముక్కూమొహం తెలియని పెద్దవాళ్ళతో కలిపి ఉంచారు. బట్టలు విప్పించి సోదా చేశారు. తల్లిదండ్రులొస్తే తప్ప వదలమన్నారు. కాగితాల్లేని తల్లి వస్తే ఆమెనూ పట్టుకుంటారు, అందుకే రాదు. ఆ అమ్మాయి పేరు మీద వేసిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 1993లో 7-2 తేడాతో ఓడిపోయింది. అయినా నాలుగేళ్ళకు ప్రభుత్వం రాజీకొచ్చింది. పిల్లలను శుభ్రమైన, భద్రమైన చోట ఉంచాలి, వీలైనంత త్వరగా అయినవాళ్ళకు అప్పగించాలి. అది అమెరికా కాంగ్రెస్ చేసిన చట్టం కూడా కాదు, ఒక కేసులో రాజీపత్రం! ఈ దేశంలో ఒంటరి పిల్లల బతుకు చాలావరకు దాని మీదే నడిచింది. ఆ తర్వాత 2002లో వాళ్ళ ఆలనాపాలనను ఆరోగ్య శాఖకు అప్పగించారు. సరిహద్దు పోలీసులు 72 గంటల్లోగా ఆ శాఖకు అప్పజెప్పాలని 2008లో చట్టం చేశారు.

ఇంతకీ శుభ్రమంటే ఏమిటి? 2019 జూన్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో అప్పీలు కోర్టులో ఇదే వాదన. వీడియో అందరూ చూడొచ్చు. సబ్బు, టూత్‌బ్రష్షు ఇవ్వాలని రాజీపత్రంలో ఎక్కడా రాయలేదు కదా అని ప్రభుత్వ లాయరు తంటాలు పడుతుంది. ముగ్గురు జడ్జీలకూ అది మింగుడుపడదు. అందులో ఒకాయన వాలెస్ తషిమా. సబ్బూ దుప్పటీ లేని చోటు శుభ్రమూ కాదు, భద్రమూ కాదు, ఇది ఎవరికైనా తెలిసిందే కదా అన్న అర్థం వచ్చేలా అడుగుతాడు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ మూలాలున్న పాపానికి, కాలిఫోర్నియాలో పుట్టిన పిల్లాడై ఉండి కూడా, అరిజోనా ఎడారిలోని పోస్టన్ శిబిరంలో మూడేళ్ళు బందీగా గడిపినవాడాయన. ఆగస్టులో తీర్పు ప్రభుత్వానికి వ్యతిరేకంగా వచ్చింది. ఈ దేశం మీద మనసు విరిగినప్పుడల్లా నేను ఆ వీడియో పెట్టుకుంటాను.

కానీ సబ్బు ఇచ్చారు, లాయర్ని ఇవ్వలేదు. దొంగతనం కేసులో దొరికినవాడికి డబ్బు లేకపోతే ప్రభుత్వమే లాయర్ని పెట్టాలని 1963లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇమిగ్రేషన్ కోర్టుకు అది వర్తించదు. అది క్రిమినల్ కేసు కాదట. అటు ప్రభుత్వ లాయరు, ఇటు చెవులకు అనువాదం హెడ్‌ఫోన్లు పెట్టుకుని కుర్చీలో కాళ్ళు ఆడిస్తూ ఓ పిల్ల. ఈ పద్ధతిని సవాలు చేసిన కేసులో జాక్ వైల్ అనే ఇమిగ్రేషన్ జడ్జి, ఓపిక పడితే మూడు నాలుగేళ్ళ పిల్లలకైనా ఈ చట్టం నేర్పొచ్చు, నేను నేర్పాను అని వాంగ్మూలమిచ్చాడు. ఆయన పని, తోటి జడ్జీల శిక్షణ చూడటం. స్వచ్ఛంద సంస్థల లాయర్లు కొందరిని ఆదుకుంటున్నారు. 2025 మార్చిలో ప్రభుత్వం ఆ లాయర్లకిచ్చే డబ్బూ ఆపింది. దాదాపు 26 వేల మంది పిల్లల కేసులు గాల్లో పడ్డాయి. శాన్‌ఫ్రాన్సిస్కో ఫెడరల్ జడ్జి ఒకరు మళ్ళీ ఇమ్మని ఆదేశించారు.

ఇవన్నీ మొన్న ఒక సత్యనారాయణ వ్రతం భోజనాల దగ్గర ఎత్తితే, నా పక్కన కూర్చున్నాయన విస్తరిలోంచి తలెత్తకుండానే, "వాళ్ళు కంచె దూకొచ్చారండీ, మనం లైన్లో నిలబడ్డాం" అన్నాడు. నిజమే, నిలబడ్డాం. ఇండియా వాళ్ళ గ్రీన్ కార్డు లైను ఎంత పొడుగంటే, నాన్న చెయ్యి పట్టుకుని నాలుగేళ్ళప్పుడు వచ్చిన పిల్లలకు 21 నిండగానే నాన్న వీసాలోంచి పేరు తీసేస్తారు. ఆ రోజు నుంచి ఆ పిల్లలూ ఒక రకంగా తోడులేని వాళ్ళే. ఆయన పెద్దమ్మాయికి వచ్చే ఫిబ్రవరికి 21. స్టూడెంట్ వీసాకు కాగితాలు సిద్ధం చేస్తున్నారు. చదువు అవగానే సొంత దేశం వెళ్ళిపోయే ఉద్దేశం ఉందని అందులో చూపించాలి. ఆ పిల్ల పుట్టింది గుంటూరులో. ఆ ఊరి గురించి ఏం రాయాలో తెలియక, అది వాళ్ళ నాన్ననే అడుగుతోందట.