మోసేవాడికే తెలుసు కావడి బరువు: కారు వెనక ఇల్లు కట్టి లాగిన కథ



మన పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో సెలవులు రాగానే కారు వెనక ఒక చిన్న ఇల్లు తగిలించుకుని అడవులకీ కొండలకీ బయలుదేరుతున్నారు. దాన్ని క్యాంపర్ ట్రైలర్ అంటారు. మంచాలు, పొయ్యి, నీళ్ళ ట్యాంకు అన్నీ అందులోనే. మనం వేసవిలో అక్కడికి వెళితే మననీ ఎక్కించుకుంటారు. ఆ ఫోటోలు మన గ్రూపులో చూసి అందరం మురిసిపోతాం. ఎంత అద్దె, ఏ ఊరు, చలి ఉందా అని అడుగుతాం. ఎంత బరువు లాగుతున్నారు అని మాత్రం ఎవరం అడగం.

అడగాల్సిన ప్రశ్న అదే. బండికి ఎంత బరువు ఎత్తాలి అన్న తగాదా మనుషులకి కనీసం పదహారు వందల ఏళ్ళుగా ఉంది. ఆ చరిత్ర తెలిస్తే కారు తలుపు దగ్గర అంటించిన చిన్న చీటీలోని అంకెకి విలువ తెలుస్తుంది.

మన గూడుబండి నుంచే మొదలుపెడతాను. తమిళనాట, కన్నడదేశాన, ఒడిశాలో స్థిరపడ్డ మన పెద్దలు యాత్రలకీ పెళ్ళిళ్ళకీ గూడుబండి కట్టుకుని వెళ్ళినవారే. కింద ఎండుగడ్డి పరిచి, పైన చాప గూడు వేసి, వంటపాత్రలు సర్దుకుని, రాత్రి చెట్టు కింద ఎడ్లని విప్పి అక్కడే పడుకునేవారు. అదీ చక్రాల మీద ఇల్లే.

బండి తోలేవాడికి బడిచదువు లేకపోయినా ఒక సంగతి బాగా తెలుసు. బస్తాలన్నీ ముందుకి పేరిస్తే బరువు కాడి మీద పడి ఎడ్ల మెడ నలుగుతుంది, పుండు పడుతుంది. అన్నీ వెనక్కి పేరిస్తే నొగలు పైకి లేచి, మెడతాడు ఎద్దు గొంతుకి బిగుసుకుంటుంది. ఎత్తు ఎక్కేటప్పుడు బండి వెనక్కి పడుతుంది కూడా. అందుకే బరువులో ఎక్కువ భాగం ఇరుసు మీద ఉంచి, కాస్త మొగ్గు మాత్రం కాడి వైపు ఉండేలా సర్దేవారు. సర్దాక నొగలు చేత్తో ఒకసారి ఎత్తి చూసేవారు. అదే వాళ్ళ తూనిక.

ఎద్దు మెడ నలగడం చిన్న విషయం కాదని 1970ల్లో గట్టిగా చెప్పిన పెద్దమనిషి మన పక్కనే ఉండేవారు. బెంగళూరు ఐఐఎంకి తొలినాళ్ళలో డైరెక్టరుగా పనిచేసిన ఎన్.ఎస్. రామస్వామి గారు ఎడ్లబండి మీద ఏళ్ళ తరబడి అధ్యయనం చేశారు. కాడి తీరు మార్చాలి, ఇరుసు తేలిగ్గా తిరగాలి, పశువు మీద భారం తగ్గాలి అని వాదించారు. మేనేజ్‌మెంటు చదువు చెప్పే సంస్థలో ఎడ్లబండి ఏమిటి అని నవ్వినవారు ఉండే ఉంటారు. కానీ ఆయన అడిగింది ఈ వ్యాసం అడిగే ప్రశ్నే: లాగేదాని మీద నిజంగా ఎంత బరువు పడుతోంది?

ఇక రాజ్యాలు ఏం చేశాయో చూద్దాం. రోమను చక్రవర్తులు బండి బరువుకి చట్టం పెట్టారు. 438లో కూర్చిన థియోడోసియన్ స్మృతిలో ఆ ఆజ్ఞలు కనబడతాయి. ప్రభుత్వ రవాణాలో ఎడ్లు లాగే పెద్ద బండికి 1,500 రోమను పౌండ్లు, అంటే సుమారు 490 కిలోలు హద్దు. గుర్రాలో కంచరగాడిదలో లాగే బండికి 1,000 పౌండ్లు, సుమారు 330 కిలోలు. మన బండ్లతో పోలిస్తే ఇది చాలా తక్కువ. దారినీ పశువునీ రెండింటినీ కాపాడుకోవాలన్నది వాళ్ళ లెక్క.

ఇంగ్లండులో 18వ శతాబ్దంలో సుంకం కట్టి వెళ్ళే రోడ్లు వచ్చాయి. బరువు బండ్ల ఇనుప పట్టాలు ఆ రోడ్లని దున్నేసేవి. 1741లో వచ్చిన చట్టం సుంకం గేటు దగ్గర తూచే యంత్రాలు పెట్టుకోనిచ్చింది. మూడు టన్నులు దాటితే ప్రతి అదనపు హండ్రెడ్‌వెయిట్‌కి, అంటే సుమారు 50 కిలోలకి, 20 షిల్లింగులు కట్టాలి. ఆ రోజుల్లో అది చిన్న మొత్తం కాదు. బండిని అలాగే ఎక్కించి తూచే పళ్ళెం తరహా తూనికని 1740ల్లోనే జాన్ వ్యాట్ తయారుచేశాడు. ఈనాటి వేబ్రిడ్జికి, మన మహారాష్ట్ర సభ్యులు ధరమ్‌కాటా అనేదానికి, అదే ముత్తాత. 1753లో ఇంకో చట్టం వచ్చింది. చక్రం తొమ్మిది అంగుళాల వెడల్పు ఉంటే రాయితీ, సన్నగా ఉంటే భారం. బరువు ఎంత అన్నదొక్కటే కాదు, అది నేల మీద ఎలా పడుతోంది అన్నది కూడా ముఖ్యమని అప్పటికే గ్రహించారు.

సరదాకి ఇల్లు లాగడం ఆ తర్వాత వచ్చిన ముచ్చట. బ్రిటిషు నౌకాదళంలో వైద్యుడిగా చేసి విరమించిన గోర్డన్ స్టేబుల్స్ 1885లో ‘వాండరర్’ అనే గుర్రపు ఇంటిని చేయించుకున్నాడు. సామానుతో దాని బరువు సుమారు రెండు టన్నులు. లాగినవి రెండే గుర్రాలు. దానితో ఇంగ్లండు దక్షిణం నుంచి స్కాట్లండులోని ఇన్వర్నెస్ దాకా వెళ్ళి పుస్తకం రాశాడు. డబ్బున్నవాళ్ళందరికీ ఆ సరదా అంటుకుంది.

1919లో బర్మింగ్‌హామ్‌లో ఎక్లెస్ అనే కంపెనీ కారు లాగే ఇళ్ళు తయారుచేయడం మొదలుపెట్టింది. అప్పటి కార్లకి బలం తక్కువ, అందుకని ఇంటి బరువు తగ్గించక తప్పలేదు. అమెరికాలో ఆ పని విమానాల మనుషులు చేశారు. గ్లైడర్లు తయారుచేసే హాలీ బౌలస్ 1934లో అల్యూమినియం రేకులు రివెట్లతో బిగించి ‘రోడ్ చీఫ్’ కట్టాడు. ఆ బాటలోనే వాలీ బయామ్ 1936లో ఎయిర్‌స్ట్రీమ్ క్లిప్పర్ తెచ్చాడు. ఈనాటికీ వెండి గుడ్డులా మెరుస్తూ కనబడే ట్రైలర్లు ఆ వంశానివే. ఆ మెరుపు అందం కోసం పుట్టింది కాదు, బరువు తగ్గించడం కోసం పుట్టింది.

తర్వాత కార్ల ఇంజన్లు పెరిగాయి. ఇంజను బలం పెరిగేసరికి బరువు భయం పోయింది. ఇళ్ళలోకి ఫ్రిజ్జు, ఏసీ, స్నానాల గది వచ్చి చేరాయి. ఇంజను లాగుతోంది కదా, ఇంకేం అన్న ధీమా అప్పుడే మొదలైంది. ఇప్పటికీ పోలేదు.

ఆ ధీమా ఎంత తప్పో రెండు సంఘటనలు చెబుతాయి. మొదటిది ఒక పరీక్ష. ఇల్లినాయ్ రాష్ట్రంలో ఒట్టావా అనే ఊరి దగ్గర 1958 నుంచి 1960 దాకా కొత్తగా వేసిన రోడ్ల మీద రకరకాల బరువులతో లారీలని రాత్రీ పగలూ తిప్పారు. ఇరుసు బరువు రెండింతలైతే రోడ్డుకి జరిగే నష్టం రెండింతలు కాదు, దాదాపు పదహారింతలు అని తేలింది. రోడ్ల ఇంజనీర్లు ఈనాటికీ ఆ లెక్కనే పట్టుకుని ఉన్నారు. క్యాంపర్ ట్రైలరు రోడ్డుని పాడుచేసేంత బరువు కాదు. కానీ ఇందులో నేర్చుకోవాల్సింది ఒకటుంది. బరువు కొంచెం పెరిగితే నష్టం కొంచెమే పెరుగుతుందనుకోకూడదు.

రెండోది ప్రాణాలు తీసింది. 2000 ఆగస్టులో అమెరికాలో ఫైర్‌స్టోన్ కంపెనీ లక్షలాది టైర్లని వెనక్కి పిలిచింది. ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బండ్ల మీద ఆ టైర్ల పైపొర ఊడిపోయి బండ్లు పల్టీలు కొట్టాయి. అక్కడి ప్రభుత్వ లెక్కల్లో 271 మంది చనిపోయారు. తప్పు టైరుదా బండిదా అని రెండు కంపెనీలూ వాదులాడుకున్నాయి. ఆ గొడవలో మామూలు జనానికి ఒక విషయం తెలిసొచ్చింది. గాలి తక్కువై, బరువు ఎక్కువై, ఎండలో వేగంగా పోతే టైరు లోలోపల కాగిపోతుంది. బయటికి ఏమీ కనబడదు. ఆ ఏడాదే కొత్త చట్టం వచ్చింది. దాని వెంట వచ్చిన నిబంధనల వల్లే ఇప్పుడు అక్కడి బండ్లలో డ్రైవరు తలుపు తీస్తే ఒక చీటీ కనబడుతుంది. మనుషులు, సామాను కలిపి ఇంత బరువు ఎప్పుడూ దాటకూడదు అని అందులో ఉంటుంది. ఆ అంకె వెనక ఇన్ని చావులున్నాయి.

మరి కంపెనీ ప్రకటనలో పెద్ద అక్షరాలతో వేసే లాగుడు శక్తి సంగతి? చాలాకాలం ఎవరి లెక్క వాళ్ళదే. 2008లో అమెరికా వాహన ఇంజనీర్ల సంఘం జె2807 అనే ప్రమాణం రాసింది. అరిజోనాలో డేవిస్ డ్యామ్ దగ్గర సుమారు 18 కిలోమీటర్ల ఎక్కుడు ఉంది. మండుటెండలో, ఏసీ పూర్తిగా వేసి, ట్రైలరుతో ఆ ఎక్కుడుని మామూలు పికప్పు గంటకి 64 కిలోమీటర్ల వేగం తగ్గకుండా ఎక్కాలి. బ్రేకులకీ, ట్రైలరు ఊగకుండా ఉండడానికీ వేరే పరీక్షలు ఉన్నాయి. టొయోటా ముందుగా ఒప్పుకుని 2011 మోడళ్ళకి పాటించింది. దాంతో తన పికప్పు అంకెలనే వందల పౌండ్లు తగ్గించుకోవాల్సి వచ్చింది. మిగతా పెద్ద కంపెనీలు తర్వాత మెల్లగా వచ్చాయి.

ఇందులో మనవాళ్ళు గమనించాల్సిన మెలిక ఒకటుంది. ఆ పరీక్షలో బండిలో కూర్చునేది ఇద్దరే. ఒక్కొక్కరు 150 పౌండ్లు, అంటే 68 కిలోలు. పిల్లలు లేరు, అత్తమామలు లేరు, బియ్యం బస్తా లేదు, గ్రైండరు లేదు.

ఒక లెక్క వేసి చూపిస్తాను. ఇది ఉదాహరణ మాత్రమే. ఒక పికప్పు 4,000 కిలోల ట్రైలరు లాగగలదని ప్రకటన ఉంది. మనవాడు జాగ్రత్తపరుడు, 3,200 కిలోల ట్రైలరే తీసుకున్నాడు. ఇంకా 800 కిలోలు మిగిలాయని సంతోషం. ఇప్పుడు తలుపు దగ్గర చీటీ చూడండి: మనుషులు, సామాను కలిపి 680 కిలోలు. ట్రైలరు మూతి కారు కొక్కెం మీద ఆనుతుంది కదా, అక్కడ కొంత బరువు పడుతుంది. అమెరికాలో ట్రైలరు బరువులో 10 నుంచి 15 శాతం అలా ఉండాలంటారు. 12 శాతం వేసుకుంటే 384 కిలోలు. అది కారు మోసే బరువే, కాబట్టి 680లోంచే పోతుంది. కొక్కెం సామాను ఇంకో 40. మిగిలింది 256 కిలోలు. కొడుకు, కోడలు, ఇక్కడి నుంచి వెళ్ళిన అమ్మా నాన్నా, మనిషికి 70 చొప్పున 280. ఒక్క పెట్టె కూడా ఎక్కించకుండానే 24 కిలోలు దాటిపోయింది. ప్రకటన ప్రకారం 800 కిలోల వెసులుబాటు ఉన్న బండే ఇది!

ఆ మూతి బరువు తగ్గించేస్తే సరిపోతుంది కదా, సామాను ట్రైలరు వెనక్కి తోసేద్దాం అనిపిస్తుంది. అక్కడే ప్రమాదం. వెనకబరువైతే ట్రైలరు తోక ఊపడం మొదలుపెడుతుంది. పెద్ద లారీ పక్కనుంచి పోయినప్పుడు వచ్చే గాలి తోపుకో, దిగుడులోనో ఆ ఊపు పెరిగి కారునే తిప్పేస్తుంది. ముందుబరువు మరీ ఎక్కువైతే కారు వెనక భాగం కుంగి, ముందు చక్రాలకి నేల మీద పట్టు తగ్గుతుంది. అప్పుడు స్టీరింగు, బ్రేకు రెండూ మాట వినవు. మన బండివాడు నొగలు ఎత్తి చూసుకున్నది సరిగ్గా ఈ లెక్కే. బరువుని సర్దే ప్రత్యేకమైన కొక్కేలు దొరుకుతాయి. అవి బరువుని ఇరుసుల మధ్య పంచుతాయి కానీ బండి హద్దుని పెంచవు.

నీళ్ళ ట్యాంకు సంగతి చాలామంది మరిచిపోతారు. అమెరికా గ్యాలను నీళ్ళు 3.8 కిలోలు. 40 గ్యాలన్లు నింపితే 150 కిలోలు. చేరాక నింపుకునే వీలుంటే దారి పొడుగునా మొయ్యనక్కర్లేదు.

ఆస్ట్రేలియాలో ఉన్న పిల్లల తల్లిదండ్రులకి ఒక మాట. అక్కడ ట్రైలరు రేకు మీద ఏటీఎం అని ఉంటుంది. డబ్బులిచ్చే ఏటీఎం కాదు, ఎగ్రిగేట్ ట్రైలర్ మాస్. సామానుతో సహా ట్రైలరు మొత్తం బరువు దాటకూడని హద్దు అది.

మన దేశంలో ఈ సరదా ఇంకా తక్కువే, చట్టం మాత్రం పాతదే. 1988 మోటారు వాహనాల చట్టం 113వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లో రాసిన మొత్తం బరువు దాటి బండిని గానీ ట్రైలరుని గానీ నడపకూడదు. అధిక బరువు లారీలని చూసీ చూడనట్టు వదిలేయడం కుదరదని 2005లో సుప్రీం కోర్టు చెప్పింది. 2018లో కేంద్రం ఇరుసు హద్దులని పెంచింది. రెండిరుసుల లారీకి 16.2 టన్నుల నుంచి 18.5 టన్నులైంది. 2019 సవరణ తర్వాత దాటినవారికి 20,000 రూపాయల జరిమానా, ప్రతి అదనపు టన్నుకి 2,000 చొప్పున ఇంకా పైన. జరిమానాతో పోదు, ఎక్కువైన బరువుని దింపించాకే బండి కదలాలి.

ఇంత చరిత్రలో నాకు కనబడేది ఒకటే. హద్దు దాటిన ప్రతిసారీ దాటినవాడు కాక ఇంకెవరో మోశారు. మొదట ఎద్దు మెడ, తర్వాత ఊరి రోడ్డు, ఆ తర్వాత టైరు మీద నమ్మకంతో వెనక సీట్లో నిద్రపోతున్న పిల్లలు. మోసేవాడికే తెలుసు కావడి బరువు అంటారు మన పెద్దలు. బండికి నోరు లేదు కాబట్టి, దాని తరఫున ఆ చీటీ మాట్లాడుతుంది.

కనుక ఈసారి పిల్లలతో వీడియోకాల్‌లో మాట్లాడేటప్పుడు మూడు మాటలు అడగండి. తలుపు దగ్గర చీటీలో అంకె ఎంత? ట్రైలరు మూతి బరువు అందులోంచి తీసేశావా? అందరూ ఎక్కి, అన్నీ సర్దాక హైవే మీద లారీలు తూచే చోట ఒకసారి తూయించావా? తూయించడానికి అయ్యేది కొద్దిపాటి రుసుము, పట్టేది పావుగంట. విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

ఇక మీ ఇళ్ళలో బండి తోలిన తాతలు, మామయ్యలు ఉంటే, బరువు ఎలా సర్దేవారో, దానికి మీ వైపు ఏ మాట వాడేవారో కింద రాయండి. హోసూరు మాట, బరంపురం మాట, షోలాపూరు మాట, యానాం మాట వేరువేరుగా ఉంటాయి. ఆ మాటలు పోకముందే రాసి పెట్టుకుందాం.