ఎగపోటు నీటి సీమ: భద్రాచలం గోదావరీ తీరం - చరిత్ర, శీతోష్ణస్థితి, దర్శనీయ స్థలాలు

వ్యాససంగ్రహం:

ఖమ్మం మైదానం ముగిసి భద్రాచలం అడవులు మొదలయ్యే సరిహద్దుకు అవతల గోదావరి, శబరి నదుల ఎగపోటుకు లోనయ్యే ఒక విశిష్ట ప్రాంతం ఉంది. పర్యాటక రచనల్లో ఇది పాపికొండల విహారయాత్రగానూ, వార్తల్లో పోలవరం ‘బ్యాక్‌వాటర్’ ముంపు ప్రాంతంగానూ కనిపిస్తుంది. ఈ రెండు చిత్రాల నడుమ అక్కడి జనజీవన చరిత్ర మరుగున పడింది. 1860 నుంచి 2022 వరకు ఈ తీరం పాలనాపరమైన హద్దులు ఎలా మారాయో, ఆ మార్పులకు నది ఎలా కారణమైందో వివరించడం, ‘ఎగపోటు’ అనే దేశీయ పదాన్ని ‘బ్యాక్‌వాటర్’ అనే వ్యవహారం నుంచి వేరుచేసి చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: గోదావరి, శబరి, ఎగపోటు, భద్రాచలం, రేకపల్లి, కోయలు, కొండరెడ్లు, పోలవరం.

1. ప్రవేశిక:

ఖమ్మం జిల్లాలోని కల్లూరు నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టు ప్రాంతం. ఇక్కడి రైతు దృష్టిలో నీరంటే పైనుంచి కాలువలో దిగివచ్చేది. అది ఎప్పుడు వస్తుంది, చివరి భూములకు అందుతుందా అన్నదే ఇక్కడి చింత. కల్లూరు నుంచి ఈశాన్యంగా సాగి, అడవి దాటి గోదావరి ఒడ్డుకు చేరితే నీటి గురించిన మాటే మారిపోతుంది. అక్కడ వానాకాలంలో అడిగే ప్రశ్న ‘నీరు వస్తుందా?’ అని కాదు, ‘నీరు ఎంతవరకు ఎక్కింది?’ అని. ఒకే ఉమ్మడి జిల్లాలో ఉంటూ వచ్చిన ఈ రెండు ప్రాంతాల మధ్య భేదాన్ని గుర్తించినప్పుడే భద్రాచల తీరం చరిత్ర సరిగా అర్థమవుతుంది.

2. ఎగపోటు - పదం, అర్థం:

‘బ్యాక్‌వాటర్’ అనే మాట నేడు తెలుగులో మూడు వేర్వేరు విషయాలకు వాడుకలో ఉంది. మొదటిది కేరళలోని ఆలప్పుళ వంటి చోట్ల కనిపించే తీరప్రాంత జలాలు. సముద్రానికి సమాంతరంగా ఉన్న కాయల్‌లు, కాలువలు, నదీముఖాలు కలిసి ఏర్పడిన జలమార్గాలవి. రెండవది ఆనకట్ట వెనుక నిలిచే జలాశయపు నీరు. మూడవది, ముఖ్యనదిలో వరద ఎత్తుగా ఉన్నప్పుడు ఉపనది నీరు దానిలో కలవలేక వెనక్కి తన్నడం. ఈ మూడవదాన్నే తెలుగులో ఎగపోటు అంటారు. మొదటి రెండింటిలో నీరు నిలకడగా ఉంటుంది, మూడవది మాత్రం వచ్చిపోతుంది. వచ్చిపోయే నీటితో సర్దుకుని బతికిన జనం నిలిచిపోయే నీటితో బతకలేరు. ఈ తేడాను ‘బ్యాక్‌వాటర్’ అనే ఒక్క మాట కప్పివేస్తున్నది.

3. నైసర్గిక స్వరూపం, శీతోష్ణస్థితి:

కాళేశ్వరం వద్ద ప్రాణహితను, దాని దిగువన ఇంద్రావతిని, చర్ల ప్రాంతంలో తాలిపేరును కలుపుకొని గోదావరి భద్రాచలం చేరుతుంది. ఇంకా దిగువన కూనవరం వద్ద ఎడమవైపు నుంచి శబరి వచ్చి కలుస్తుంది. ఒడిశాలో కొలాబ్‌గా పుట్టిన ఈ నది మోటు దగ్గర సీలేరును కలుపుకొని చింతూరు మీదుగా ప్రవహిస్తుంది. కూనవరం దాటిన తరువాత పాపికొండల గండిలో, విశాలంగా సాగిన గోదావరి కొన్నిచోట్ల కొన్ని వందల గజాల వెడల్పుకు కుంచించుకుపోతుంది. నాలుగు పెద్ద నదుల నీరు ఈ ఇరుకు దారిగుండానే డెల్టాకు దిగాలి. ఇక్కడి వరదల స్వభావానికి మూలం ఈ భౌగోళిక స్థితిలోనే ఉంది.

ఈ ప్రాంతానిది ఉష్ణమండల రుతుపవన శీతోష్ణస్థితి. మే నెలలో భద్రాచలం, కొత్తగూడెం ప్రాంతాల్లో ఉష్ణోగ్రత 45 డిగ్రీల సెల్సియస్ దాటిన సందర్భాలున్నాయి. సంవత్సర వర్షపాతంలో అధికభాగం జూన్ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి రుతుపవనాల వల్ల కురుస్తుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు వాతావరణం ఆహ్లాదకరంగా ఉంటుంది. పాపికొండల యాత్రలు ఎక్కువగా సాగేది ఆ నెలల్లోనే.

అయితే భద్రాచలం వరదకు భద్రాచలంలో కురిసిన వానే కారణం కానక్కరలేదు. మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్ అడవుల్లో కురిసిన వాన ఇక్కడ వరదగా కనిపిస్తుంది. భద్రాచలం వద్ద నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి, 48 అడుగులకు రెండవ, 53 అడుగులకు మూడవ ప్రమాద హెచ్చరిక జారీచేస్తారు. 1986 ఆగస్టులో నీటిమట్టం 75.6 అడుగులకు, 1990లో 70.8 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు చేరింది. గోదావరి ఇలా నిండుగా ఉన్నప్పుడు శబరి నీటికి దారి ఉండదు. అది చింతూరు వైపు ఎగదన్ని సోకిలేరు, చంద్రవంక వంటి వాగుల్లోకి ఎక్కుతుంది. దానితో రహదారులు మునిగి, మన్యం గ్రామాలు రోజుల తరబడి దీవులవుతాయి.

4. చారిత్రక పరిణామం:

4.1. ప్రాచీన, మధ్యయుగాలు:

పినపాక మండలం జానంపేట పరిసరాల్లోని బృహత్ శిలాయుగపు సమాధులు గోదావరి తీరంలో మానవ నివాసపు ప్రాచీనతకు సాక్ష్యాలు. భద్రాచలం ఖ్యాతి 17వ శతాబ్దంలో విస్తరించింది. నేలకొండపల్లికి చెందిన కంచెర్ల గోపన్న, గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా కాలంలో పాల్వంచ పరగణాకు తహసీల్దారుగా ఉండి ఆలయాన్ని నిర్మించాడు. సర్కారు సొమ్ము వినియోగించాడన్న అభియోగంపై గోల్కొండలో చెరసాల అనుభవించాడు. రామదాసుగా తెలుగు కీర్తన సాహిత్యంలో ఆయన స్థానం సుప్రసిద్ధం. ఆయనకంటే ముందు ఆదివాసీ స్త్రీ పోకల దమ్మక్క పుట్టలో విగ్రహాలను గుర్తించి పూజించిందని స్థలపురాణం చెబుతుంది. ఆలయ చరిత్ర అడవి బిడ్డతో మొదలైందన్న స్మృతి ఈ కథలో నిలిచి ఉంది.

4.2. నదికోసం గీసిన హద్దులు:

19వ శతాబ్ది మధ్యలో బ్రిటిష్ పాలకులు గోదావరిని మధ్యభారతపు పత్తిని సముద్రతీరానికి చేర్చే జలమార్గంగా చూశారు. 1860 ఒప్పందం ద్వారా నిజాం గోదావరి ఎడమగట్టు తాలూకాలను వారికి అప్పగించాడు. నదిపై సుంకాలు లేని రవాణా ఆ ఒప్పందంలో ముఖ్యాంశం. భద్రాచలం, రేకపల్లి తాలూకాలు ఈవిధంగా నిజాం రాజ్యం నుంచి విడివడి, తరువాత మధ్యపరగణాలలోని ఎగువ గోదావరి జిల్లాలో భాగమయ్యాయి. కాటన్ ఆలోచనను అనుసరించి హేగ్ ఆధ్వర్యంలో దుమ్ముగూడెం వద్ద ఆనకట్ట, లాకులు, కాలువ పనులు సాగాయి. రాతిగుట్టలు, వరదలు, జ్వరాలు, పెరిగిన వ్యయం కారణంగా 1871లో ఆ పథకాన్ని విరమించారు. దుమ్ముగూడెం ఆనకట్ట ఆ ప్రయత్నానికి గుర్తుగా నేటికీ ఉంది.

1874లో భద్రాచలం, రేకపల్లి తాలూకాలను మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు బదిలీచేశారు. పాలన మారడంతో పోడుపై పన్ను భారం, అటవీ నిర్బంధాలు పెరిగాయి. 1879లో రంప పితూరీ రేకపల్లి ప్రాంతానికి వ్యాపించడానికి ఈ అసంతృప్తి ఒక కారణం. కార్యాలయాల్లో జరిగిన హద్దు మార్పు అడవిలో తిరుగుబాటుకు దారితీసిన సందర్భమిది.

దుమ్ముగూడెంలో పనిచేసిన క్రైస్తవ మిషనరీ జాన్ కెయిన్ 1876 నుంచి ‘ఇండియన్ ఆంటిక్వరీ’లో భద్రాచలం, రేకపల్లి తాలూకాల గురించి వ్యాసాలు ప్రచురించాడు. కోయల ఆచారాలు, భాషపై అవి తొలినాటి ముద్రిత ఆధారాలలో ముఖ్యమైనవి. పాపికొండల ప్రాంతపు కొండరెడ్లపై క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్ రాసిన గ్రంథం 1945లో వెలువడింది. పరాయి ప్రయోజనాల నీడలో వచ్చిన రచనలు గనుక వీటిని జాగ్రత్తగా చదవాలి. అయినా నేడు మునుగుతున్న గ్రామాల పూర్వస్థితిని తెలుసుకోవడానికి వీటి అవసరం ఉంది.

4.3. స్వాతంత్ర్యానంతర మార్పులు:

1953లో వరంగల్ జిల్లా నుంచి ఖమ్మం జిల్లా ఏర్పడింది. 1959లో తూర్పుగోదావరి జిల్లాలోని భద్రాచలం, నూగూరు తాలూకాలను అందులో చేర్చారు. 1965లో భద్రాచలం వద్ద గోదావరి వంతెన ప్రారంభమై రెండు గట్లను కలిపింది. తెలంగాణ ఏర్పడిన 2014లోనే, పోలవరం ముంపును కారణంగా చూపి, ఏడు మండలాల్లోని ముంపు గ్రామాలను ఆంధ్రప్రదేశ్‌కు బదిలీచేశారు. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోగా, దాన్ని ఆనుకున్న ఏటపాక, ఆలయ భూములున్న పురుషోత్తపట్నం ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లాయి. దేవుడు ఒక రాష్ట్రంలో, దేవుని మాన్యం మరొక రాష్ట్రంలో మిగిలాయి. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడింది. 2022లో చింతూరు, ఏటపాక, కూనవరం, వరరామచంద్రపురం మండలాలు అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరాయి. చింతూరు కుటుంబంలో ఎనభై ఏళ్లు దాటిన వృద్ధురాలు ఇల్లు కదలకుండానే తూర్పుగోదావరి, ఖమ్మం, మళ్లీ తూర్పుగోదావరి, అల్లూరి జిల్లాల వాసి అయి ఉంటుంది.

5. దర్శనీయ స్థలాలు:

భద్రాచల సీతారామచంద్రస్వామి ఆలయంలో శ్రీరామనవమి నాటి కల్యాణానికి ప్రభుత్వం తరఫున ముత్యాల తలంబ్రాలు సమర్పించే సంప్రదాయం ప్రసిద్ధం. దుమ్ముగూడెం మండలంలోని పర్ణశాల, ఏటపాకలోని జటాయు స్థలం, శబరి నది రామాయణ గాథతో ముడిపడ్డాయి. భద్రాచలం సమీపంలోని గుండాలలో ఉష్ణగుండాలున్నాయి. పాల్వంచ వద్ద కిన్నెరసాని జలాశయం, వన్యప్రాణి అభయారణ్యం ఉన్నాయి. విశ్వనాథ సత్యనారాయణ ‘కిన్నెరసాని పాటలు’ ద్వారా ఆ వాగు తెలుగు పాఠకులకు కావ్యనాయికగా పరిచయం.

భద్రాచలం వైపు నుంచి వెళ్లే యాత్రికులు పోచవరం రేవులో లాంచీ ఎక్కి పాపికొండలు చూస్తారు. పేరంటాలపల్లిలోని శివాలయం, కొండవాగు, కొండరెడ్లు అమ్మే వెదురు వస్తువులు ఈ యాత్రలో ప్రధానాకర్షణలు. 2008లో పాపికొండలను జాతీయ ఉద్యానంగా ప్రకటించారు. 2019 సెప్టెంబరు 15న దేవీపట్నం మండలం కచ్చులూరు వద్ద పర్యాటకుల లాంచీ మునిగి పలువురు మరణించారు. వరదకాలంలో ఈ గండి విహారస్థలం కాదన్న సంగతిని ఆ దుర్ఘటన చాటింది.

లాంచీ నుంచి చూసేవారికి గట్టుమీది గూడేలు దృశ్యంలో భాగం మాత్రమే. అక్కడివారికి ఆ గట్టు ఇప్పపువ్వు ఏరుకునే, తునికాకు కోసుకునే, భూమి పండుగ చేసుకునే చోటు. ఈ వివరాలకు పర్యాటక వర్ణనలో చోటు దక్కడం లేదు.

6. పోలవరం - ఎగపోటు నుంచి ముంపుకు:

పోలవరం జలాశయ పూర్తిస్థాయి నీటిమట్టం 150 అడుగులు, అంటే 45.72 మీటర్లు. ఇది సముద్రమట్టం నుంచి లెక్కించినది. భద్రాచలం వద్ద ప్రకటించే 43, 53 అడుగులు స్థానిక కొలబద్దకు సంబంధించినవి. ఈ రెండు సంఖ్యలను నేరుగా పోల్చడం సాధారణంగా జరిగే పొరపాటు. ప్రాజెక్టు వల్ల నిర్వాసితులయ్యే కుటుంబాలు లక్షకు పైగా ఉన్నాయి. వారిలో గిరిజనులు గణనీయంగా ఉన్నారు.

2022 వరదలకు పోలవరం వెనుక జలాలు కారణమని తెలంగాణ వాదించగా ఆంధ్రప్రదేశ్ అంగీకరించలేదు. ప్రాజెక్టు లేని 1986లో నీరు అంతకంటే ఎత్తుకు చేరిందన్నది వాస్తవం. అయితే ఆ వాస్తవం ఒక్కటే వివాదాన్ని తేల్చదు. సహజంగానే ఎగపోటుకు గురయ్యే చోట జలాశయం తోడైనప్పుడు వరద ఎంతకాలం నిలుస్తుంది, ఏ వాగులోకి ఎంతదూరం ఎక్కుతుంది అన్నవే అసలు ప్రశ్నలు. గరిష్ఠ నీటిమట్టం ఒక్కటే చూసే లెక్కల్లో వీటికి సమాధానం దొరకదు. 1986లో మునిగిన కుటుంబాలు నీరు తీశాక బురద ఎత్తిపోసుకుని అదే ఇంట్లో ఉండగలిగాయి. జలాశయంలో మునిగిన ఊరికి ఆ అవకాశం లేదు.

ఈ విషయంలో మైదాన ప్రాంతవాసులు తటస్థులమని చెప్పుకోలేరు. దుమ్ముగూడెం వద్ద గోదావరి నీటిని ఎత్తి ఖమ్మం జిల్లా సాగర్ ఆయకట్టుకు కూడా అందించే లక్ష్యంతో సీతారామ ఎత్తిపోతల పథకం రూపొందింది. కల్లూరు వంటి కాలువ ప్రాంతాలు గోదావరి నీటిని ఆశిస్తున్నప్పుడు, ఆ నది ఒడ్డున దాని భారం మోసేవారి చరిత్రను తెలుసుకోవడం వాటి బాధ్యత కూడా అవుతుంది.

7. ముగింపు:

పై పరిశీలన వల్ల మూడు విషయాలు తేలుతున్నాయి.

ఒకటి: 1860లో పడవల రవాణాకోసం, 2014లో ప్రాజెక్టుకోసం భద్రాచల తీరపు హద్దులు మారాయి. రెండుసార్లూ నది అవసరమే ప్రధానమైంది, తీరవాసుల అవసరం కాలేదు.

రెండు: ఎగపోటు ఈ ప్రాంతపు సహజ లక్షణం, ముంపు మానవ నిర్ణయ ఫలితం. తెలుగు పరిశోధనలో, పత్రికా రచనలో ఈ రెండింటికీ వేర్వేరు పదాలు వాడటం అవసరం.

మూడు: పునరావాస కాలనీకి పాత ఊరిపేరు పెట్టవచ్చు గాని, ఆ పేరులోని వాగు, రేవు, గుట్ట కాలనీకి తరలిరావు. ముంపు గ్రామాల ఊరిపేర్లను, రేవుల, పొలాల పేర్లను, కోయ మాటలను, వరద సంవత్సరాలతో వయసు లెక్కించుకునే వృద్ధుల కథనాలను సేకరించడం తెలుగు శాఖలు వెంటనే చేపట్టదగిన పని. ఈ సేకరణకు తగిన కాలం ఆ ఊళ్లను ఎరిగినవారు ఉన్న ఈ తరమే.