సున్నా చెప్పని సంగతి

తప్పుల పట్టికలో సున్నా కనబడితే నెట్‌వర్క్ బాగున్నట్టే అనుకోవడం పాత అలవాటు. ఆ సున్నాను నమ్మకూడదని ఇంటర్నెట్ చరిత్రే చెబుతోంది. 1981 సెప్టెంబరులో జాన్ పోస్టెల్ ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 792లో ఐసీఎంపీ అనే ప్రోటోకాల్‌ను నిర్దేశిస్తూ, దారిలో వచ్చిన ఇబ్బందిని పంపినవారికి తెలపడమే దాని పని అన్నాడు. ప్యాకెట్ చేరుతుందన్న పూచీ లేదు, ఆ కబురైనా వెనక్కి వస్తుందన్న పూచీ లేదు. నెట్‌వర్క్ పరికరాల లెక్కలను నిర్వచించే 1991 నాటి ఎమ్‌ఐబీ-2 ఈ కబుర్లకు 26 కౌంటర్లు పెట్టింది. గమ్యం అందలేదు, గడువు తీరింది అంటూ రకానికొకటి, వచ్చినవి వేరు, పంపినవి వేరు. ఎంత వివరంగా ఉన్నా, దారిలో ఆగిపోయిన కబురు, దాన్ని అందుకోవాల్సిన యంత్రం కౌంటర్లలో ఎక్కడా పడదు.

ఈ వెలితి ఎంత ఖరీదైనదో తర్వాతి పదేళ్లలో తేలింది. 1990లో మోగుల్, డీరింగ్ రాసిన ఆర్‌ఎఫ్‌సీ 1191 ప్రకారం, పంపే యంత్రం ప్యాకెట్‌ను ముక్కలు చేయొద్దని గుర్తు పెడుతుంది. ఇరుకు దారి తగిలిన రూటర్ దాన్ని పడేసి, సైజు తగ్గించమని ఐసీఎంపీ కబురు పంపుతుంది. 1990ల చివర్లో, పింగ్ జవాబులతో బాధితుణ్ణి ముంచెత్తే స్మర్ఫ్ దాడులు వచ్చేసరికి చాలాచోట్ల ఫైర్‌వాల్‌లో ఐసీఎంపీని మొత్తంగా మూసేశారు. ఫలితం విచిత్రం. కనెక్షన్ కుదిర్చే ప్యాకెట్లు చిన్నవి కాబట్టి దాటిపోతాయి, పేజీని మోసే 1500 బైట్ల ప్యాకెట్లు మాయమవుతాయి. సర్వర్‌లో నెట్‌స్టాట్ తెరిస్తే, ఆ కబురు లెక్కకు రావాల్సిన ‘గమ్యం అందలేదు’ వరుసలో సున్నా, టీసీపీ మళ్లీ పంపిన సెగ్మెంట్ల వరుసలో మాత్రం అంకె పెరుగుతూనే ఉంటుంది. 2000లో ఆర్‌ఎఫ్‌సీ 2923 ఈ జబ్బును నమోదు చేసింది.

దాడి జరుగుతుంటే తలుపు మూయక ఏం చేస్తారని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ స్మర్ఫ్ వాడుకున్నది పింగ్ అభ్యర్థనలను, అవి బ్రాడ్‌కాస్ట్ చిరునామాకు చేరే వీలును. 1999లో ఆర్‌ఎఫ్‌సీ 2644 ఆ వీలునే రూటర్లలో ముందుగా మూసి ఉంచమంది. సైజు తగ్గించమనే కబురుకు ఆ నేరంతో సంబంధం లేదు. మరి పెరిగిన అంకె అయినా నమ్మదగినదా? అదీ కాదు. ఎవరో ట్రేస్‌రూట్ నడిపితే చాలు, దారిలోని రూటర్లలో గడువు తీరిన కబుర్ల లెక్క పెరుగుతుంది. అందుకే ఒక్క అంకెతో తీర్పు చెప్పలేం. రెండు వేళల మధ్య తేడానూ, పక్క వరుసనూ కలిపి చదవాలి. ఐపీవీ6లో దారి మధ్యన రూటర్లు ప్యాకెట్‌ను అసలు ముక్కలు చేయవు కాబట్టి సైజు తగ్గించమనే కబురు అవసరం ఇంకా పెరిగింది. మీ ఫైర్‌వాల్ ఐసీఎంపీని మొత్తంగా ఆపుతుంటే, కనీసం ఆ ఒక్క రకాన్నైనా వదలండి.