వస్త్రము నొలుచుట: ఒక పదచరిత్ర

ఆంగ్లమున 'డిస్‌రోబ్' అను క్రియ, న్యాయాధిపతి తన యధికారవస్త్రమును విడుచుటకును, దుశ్శాసనుడు ద్రౌపది వలువను లాగుటకును ఒక్కతీరున చెల్లును. తెలుగున నట్లు గాదు. వస్త్రము తొలగించిన చేయి యెవరిది, అందు సమ్మతి కలదా యను భేదమును మన క్రియలే తెలుపును. ఈ భేదము నేటి శాసనభాషకు మిక్కిలి అక్కఱయైనది.

ఆంగ్లపదములోని 'రోబ్' ప్రాచీన ఫ్రెంచి నుండి వచ్చినది. దానికి మొదటి యర్థము కొల్లసొమ్ము. దోచిన వస్తువులలో వస్త్రము ముఖ్యమగుటచే ఆ పేరు వస్త్రమునకే స్థిరపడినది. దోచుట యను నర్థముగల 'రాబ్' అను క్రియయు నీ మూలమునకు చెందినదే. సంస్కృతమున 'వస్త్రాపహరణము' అనుటలోను అపహరణ మనగా దొంగిలించుటయే.

ఈ సంబంధము రాయదుర్గము వంటి సరిహద్దు సీమలో స్పష్టముగా గానవచ్చును. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడువఱకు ఈ తాలూకా బళ్లారి జిల్లాలోనిది. పిదప అనంతపురము జిల్లాలో చేరినది. ఇచట తెలుగు కన్నడములు రెండును వినవచ్చును. కన్నడమున 'సులి' యనగా తొక్క తీయుట, దోచుట; 'సులిగె' యనగా కొల్ల. తెలుగున 'ఒలుచు' నిట్టిదే: విత్తునకై వేరుసెనగకాయల నొలుతురు, దొంగలు నగల నొలుచుకొని పోవుదురు. తమిళులు ద్రౌపదీ వస్త్రాపహరణమును 'తుగిల్ ఉరిదల్' అందురు. 'ఉరి' యనగా తోలు తీయుటయే. ఈ క్రియలన్నిటను ఒలువబడు వస్తువునకు సమ్మతితో బనిలేదు.

'విప్పు' అట్టిది కాదు. ముడి వదలించుట దాని మూలార్థము. తెలుగు 'విచ్చు', కన్నడ 'బిచ్చు' దీని చుట్టములే. తలపాగా విప్పుట, చొక్కా విప్పుట సాధారణముగా ధరించినవాని పనియే. 'విడుచు' నట్లే, విడిచిన బట్టలు చాకిరేవునకు బోవును. ఇక 'విప్పించు' అను ప్రేరణరూపమున చేయి ఒకరిది, ఆజ్ఞ వేఱొకరిది.

భారత శిక్షాస్మృతిలో 2013న చేర్చిన 354-బి విభాగము, స్త్రీని వివస్త్రను జేయు, లేదా నగ్నముగా నుండునట్లు నిర్బంధించు నుద్దేశముతో జరుపు దౌర్జన్యమును నేరముగా నిర్ణయించినది. 2024 జులై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహితలో నిది 76వ విభాగము. శిక్ష మూడేండ్లకు తక్కువగాక ఏడేండ్ల వఱకు. శాసనము రెండు చేష్టలను వేఱుగా బేర్కొన్నది: మొదటిది 'ఒలుచుట', రెండవది 'విప్పించుట'. శిక్ష యొక్కటియే యైనను రుజువు పఱుపవలసిన సంగతి వేఱు. బాధితురాలు 'నాచేత విప్పించిరి' అని చెప్పగా, వ్రాయసకాడు 'వివస్త్రను చేసిరి' అని వ్రాసినచో, ఆమె చెప్పిన బెదిరింపు వ్రాతలో మిగులదు.

కావున వాఙ్మూలమున సంస్కృతసమాసముకంటె ఆమె పలికిన క్రియనే నిలుపుట యుచితమని మా యభిప్రాయము. ఇందు తేటతెలుగే నిర్దుష్టమైన శాసనభాష.