పెన్న నీరు, సముద్రపు ఉప్పు



నెల్లూరు అనగానే లోకానికి గుర్తొచ్చేది మొలగొలుకుల బియ్యం. ఆ పేరు తెచ్చిపెట్టినది పెన్న నీరు. ఆ పంటకు పక్కలో బల్లెమై ఉన్నది సముద్రపు ఉప్పు. మన కోస్తా పొలాల చరిత్ర అంతా ఈ రెండింటి పోరాటమే.

ఉప్పు నేలపైకి ఎట్లా వస్తుంది? తీరం దగ్గర ఊటనీరు ఎంతో లోతున ఉండదు. పైగా అది ఉప్పన. ఎండాకాలంలో బీడుపడిన నేల, దీపపు వత్తి నూనెను పీల్చినట్లు, ఆ నీటిని పైకి లాగుతుంది. నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మిగులుతుంది. అటువంటి మడిలో తేమ ఉన్నా వేరు దాన్ని పీల్చుకోలేదు. ఆకు కొసలు మాడతాయి, పిలకలు తగ్గుతాయి.

దీనికి విరుగుడు పైనుంచి దిగే మంచినీరు. 1850ల దశకంలో నెల్లూరు వద్ద, 1880ల దశకంలో సంగం వద్ద పెన్నకు ఆనకట్టలు కట్టారు. కాలువ నీరు పైరును తడపడమే గాక, ఉప్పును కిందికి అణచి మురుగు కాలువల దారిన సాగనంపినది. తరువాత సోమశిల జలాశయం ఆ నీటికి నిలకడ ఇచ్చింది. 2022లో ఆ రెండుచోట్లా కొత్త బ్యారేజీలు ప్రారంభమైనవి.

అయితే ఉప్పూ ఊరకుండలేదు. 1984 నవంబరులో తుఫాను శ్రీహరికోట ప్రాంతంలో తీరం దాటింది. 2004 డిసెంబరు 26న సునామీ మన తీరాన్నీ తాకింది. ఇవి దైవికాలు. మనిషి చేతులారా చేసినది వేరే ఉన్నది. 1990ల తొలినాళ్లలో వరి మళ్లను సైతం రొయ్యల గుంటలుగా తవ్వారు. ఉప్పునీరు గట్టు కింద ఊరి పక్క రైతు మడిలోకి, మంచినీళ్ల బావిలోకి దిగింది. 1994లో తెల్లమచ్చ తెగులు తగిలి ఎన్నో గుంటలు ఖాళీ అయినవి. ఉప్పు మాత్రం నేలలో నిలిచింది. సాగుభూమిని రొయ్యల గుంటగా మార్చరాదని 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

ఇక మనం చేయవలసినది ఏమంటే, ముందు మట్టి పరీక్ష. లవణ సూచిక 4 దాటి, ఉదజని సూచిక 8.5 లోపల ఉంటే అది పాల చౌడు. దానికి జిప్సం దండగ. మడి చదును చేసి, గట్టు వేసి, మంచినీరు నిలబెట్టి తీసివేయండి. ఇట్లా రెండు మూడుసార్లు చేయవలెను. ఉదజని సూచిక 8.5 దాటితే కారు చౌడు. దానికి జిప్సం కావాలి. ఎంత వేయాలో పరీక్షే చెబుతుంది. రెంటికీ జీలుగ పచ్చిరొట్ట మేలు.

ఒక్క మాట మరువకండి. మురుగు కాలువ పూడితే కడిగిన ఉప్పు మళ్లీ మీ మడికే వస్తుంది. దాన్ని ఒక్క రైతు తీయలేడు. నీళ్లు వదిలే లోపలే ఊరంతా కలిసి పార పట్టండి.